స్కాట్లాండ్‌కు పూర్తి ఆర్థిక స్వయంప్రతిపత్తి: జీతం మీద పన్ను ఇక్కడే నిర్ణయిస్తున్నప్పుడు ఇంకా అడుగుతున్నది ఏమిటి?

లీత్ కొత్తవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఆరేళ్లు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో పనిచేసి, మొన్న జూన్‌లో ఉద్యోగరీత్యా స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాకు మారాను. రెండో నెల పేస్లిప్ చూస్తే పన్ను కోడ్ 1257ఎల్‌కు ముందు ‘ఎస్’ అనే అక్షరం వచ్చి చేరింది, చేతికి వచ్చే జీతం తగ్గింది. నా జీతం 50,000 పౌండ్లు. 2025-26 రేట్ల ప్రకారం ఇంగ్లండ్‌లో అయితే 7,486 పౌండ్ల ఆదాయపు పన్ను పడేది, ఇక్కడ సుమారు 9,014 పడుతుంది. అంటే ఏడాదికి 1,528 పౌండ్లు ఎక్కువ. అయితే ఇంగ్లండ్‌లో మందుల చీటీకి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టేవాణ్ణి, ఇక్కడ ఏమీ కట్టనక్కర్లేదు కాబట్టి పూర్తిగా నష్టపోయానని అనను.

నా సందేహం వేరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు నా జీతం నుంచి రాష్ట్రానికి నేరుగా వెళ్లేది నెలకు 200 రూపాయల వృత్తి పన్ను ఒక్కటే, ఆదాయపు పన్ను శ్లాబులన్నీ ఢిల్లీ చేతిలోనే ఉండేవి. ఇక్కడ శ్లాబులే వేరుగా పెట్టుకునేంత అధికారం ఉన్నా, ఆఫీసులో భోజనాల దగ్గర ఈ విషయం వస్తే ఒకాయన “మాకు పూర్తి ఆర్థిక స్వయంప్రతిపత్తి ఎప్పుడో రావలసింది” అంటాడు, ఎదురుగా కూర్చున్నావిడ “వస్తే మర్నాడే ఆసుపత్రులు మూసుకోవాలి” అంటుంది. ఇద్దరూ ఇక్కడే పుట్టి పెరిగినవారు. ఇప్పుడున్న అధికారం ఎంత, వారు వాదించుకుంటున్న ఆ మిగతా భాగం ఏమిటి? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరా?

క్లైడ్ ఒడ్డు:

ప్రభుత్వ ఖాతాల పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి కనుక నాకు తెలిసినంతలో చెబుతాను. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

1997 సెప్టెంబరు 11న జరిగిన రెఫరెండంలో స్కాట్లాండ్ ప్రజలను రెండు ప్రశ్నలు అడిగారు. పార్లమెంటు కావాలా అన్నదానికి 74.3 శాతం మంది అవునన్నారు, దానికి పన్ను మార్చే అధికారం ఉండాలా అన్నదానికి 63.5 శాతం మంది అవునన్నారు. ఆ విధంగా 1998 చట్టంతో వచ్చిన అధికారం ఆదాయపు పన్ను ప్రాథమిక రేటును పౌండుకు మూడు పెన్నీల మేర పెంచడమో తగ్గించడమో చేయడానికి మాత్రమే. దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. పైగా పన్నుల శాఖ కంప్యూటర్లలో ఆ ఏర్పాటును నిలబెట్టేందుకు కట్టవలసిన సొమ్ము కట్టకపోవడం వల్ల, కాగితం మీద ఉన్న అధికారం వాడుకోవడానికి వీల్లేని స్థితికి వచ్చిందని 2010లో బయటపడి పెద్ద రభస అయింది. ఆ తరువాత 2012 చట్టం, 2014 స్వాతంత్ర్య రెఫరెండం వెంటనే మరిన్ని అధికారాల సంగతి తేల్చేందుకు ఏర్పడిన స్మిత్ కమిషన్, దాని సిఫారసులతో 2016 చట్టం వచ్చాయి. 2017 ఏప్రిల్ నుంచి జీతాలు, పింఛన్లు, ఇంటి అద్దెల వంటి ఆదాయాలపై రేట్లూ శ్లాబులూ ఎడిన్‌బరాలోనే నిర్ణయిస్తున్నారు. వడ్డీ మీద, డివిడెండ్ల మీద పన్ను, పన్ను పడని 12,570 పౌండ్ల పరిమితి మాత్రం ఇప్పటికీ లండన్ చేతిలోనే ఉన్నాయి. వ్యాట్, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే సామాజిక భద్రత చందా), కంపెనీల పన్ను, ఉత్తర సముద్ర చమురు పన్ను కూడా అంతే. వ్యాట్ వసూళ్లలో సగం ఇస్తామని చట్టంలో రాసుకున్నా, స్కాట్లాండ్‌లో ఎంత వసూలవుతోందో నమ్మకంగా లెక్క తేల్చే పద్ధతి కుదరక అది అమలు కాలేదు.

ఈ రెండు చోట్లా పన్ను విడివిడిగా నడవడం వల్ల చిత్రాలు కూడా ఉన్నాయి. ఇక్కడ 42 శాతం శ్లాబు 43,663 పౌండ్ల దగ్గర మొదలవుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం నుంచి 2 శాతానికి తగ్గేది మాత్రం 50,270 దగ్గర, ఎందుకంటే ఆ హద్దును లండన్ తన శ్లాబుకు సరిపోయేలా పెట్టుకుంది. కాబట్టి మధ్యలో ఉన్న ఆరువేల చిల్లరలో ప్రతి పౌండులో సగం పోతుంది. మీ జీతం సరిగ్గా అక్కడే పడింది. దీన్ని కావాలని ఎవరూ చేయలేదు, కానీ సరిదిద్దే బాధ్యత కూడా ఎవరూ తీసుకోరు. మరోవైపు, 2025-26 రేట్ల ప్రకారం 25,000 పౌండ్ల జీతగాడికి ఇంగ్లండ్ వాడి కంటే 28 పౌండ్లు తక్కువే పడింది.

ఇక అసలు విషయం. మీరు కట్టే పన్ను స్కాటిష్ ప్రభుత్వానికి చేరుతుంది, కానీ దాని ఖర్చుల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ లండన్ ఒకే మొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంట్ మీదే నడుస్తుంది. ఆ గ్రాంటు పెరుగుదలను 1978 నాటి బార్నెట్ సూత్రం నిర్ణయిస్తుంది. ఇంగ్లండ్‌లో ఆరోగ్యానికి 100 కోట్ల పౌండ్లు కొత్తగా ఇస్తే, జనాభా నిష్పత్తి ప్రకారం ఇక్కడికి దాదాపు తొమ్మిదిన్నర కోట్లు వస్తాయి, దాన్ని ఆరోగ్యానికే ఖర్చుచేయాలన్న నిబంధన లేదు. అయితే ఆదాయపు పన్ను ఇచ్చేశారు కనుక గ్రాంటులోంచి కొంత కోస్తారు. ఎంత కోయాలన్నది 2016 ఫిబ్రవరి ఒప్పందంలో ఉంది: అధికారం బదిలీ అయ్యేముందు ఇక్కడ వసూలైన పన్నును ప్రాతిపదికగా తీసుకుని, మిగతా దేశంలో తలసరి పన్ను ఎంత పెరిగితే కోతను అంత పెంచుకుంటూ పోతారు. ఇక్కడి జీతాలు అక్కడికంటే వేగంగా పెరిగితే మిగులు మనది, నెమ్మదిగా పెరిగితే లోటూ మనదే. రేట్లు పెంచినా ఆ అదనపు సొమ్మంతా ఖజానాకు మిగలకపోవడానికి కారణం ఇదే.

పైగా ఇదంతా మొదట అంచనాల మీద జరుగుతుంది, అసలు లెక్క మూడేళ్ల తరువాత సరిచేస్తారు. 2017-18 పన్నుల అంచనా తప్పిన ఫలితంగా 2020-21 బడ్జెట్‌లో 20.4 కోట్ల పౌండ్లు వెనక్కి కట్టవలసి వచ్చింది. ఏ పాఠశాలకు, ఏ ఆసుపత్రికి చెప్పి కోస్తారు? పూర్తి స్వయంప్రతిపత్తి అంటే ఈ గ్రాంటు, ఈ కోత రెండూ లేకుండా, ఇక్కడి పన్నులన్నీ ఇక్కడే వసూలు చేసుకుని, రక్షణ, విదేశాంగం, అప్పుల వడ్డీ వంటి ఉమ్మడి ఖర్చులకు లండన్‌కు వాటా పంపడం.

ఆబర్డీన్ గోదావరి:

పై వివరణ బాగుంది. నేను ఆ ఆఫీసులో రెండో మనిషి పక్షం.

ఏటా స్కాటిష్ ప్రభుత్వమే తన రాబడి, ఖర్చుల లెక్క ప్రచురిస్తుంది. చమురు రాబడిలో భౌగోళిక వాటా (స్కాట్లాండ్ వైపు సముద్రంలో తీసిన చమురుది) కలుపుకుని కూడా 2023-24లో లోటు 2,270 కోట్ల పౌండ్లు, అంటే స్థూల ఉత్పత్తిలో 10.4 శాతం. అదే ఏడాది మొత్తం బ్రిటన్ లోటు 4.5 శాతం. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాను ఇప్పుడు ఉమ్మడి ఖజానా మోస్తోంది. పూర్తి స్వయంప్రతిపత్తి వస్తే అది మన నెత్తిన పడుతుంది. 2015 బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల ముందు ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ వేసిన లెక్క ప్రకారం ఆ అంతరం ఒక్క ఏడాదికి దాదాపు 760 కోట్ల పౌండ్లు. ఆ ఎన్నికల్లో స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) ఇదే కోరికతో ఇక్కడి 59 స్థానాల్లో 56 గెలిచింది. ఆ జూన్‌లో పూర్తి స్వయంప్రతిపత్తి ఇవ్వాలన్న సవరణను లండన్ పార్లమెంటులో ప్రతిపాదించినది మాత్రం ఎడ్వర్డ్ లీ అనే ఇంగ్లండ్ కన్జర్వేటివ్ సభ్యుడు, ఎస్‌ఎన్‌పీ దానికి ఓటు వేసింది, అది భారీ తేడాతో వీగిపోయింది. ఆ ఓటులో ఎవరి ఉద్దేశం ఏమిటో మీరే ఊహించుకోండి.

నేను చమురు సేవల కంపెనీలో ఉద్యోగిని. 2014 మధ్యలో బ్రెంట్ ముడి చమురు ధర పీపా 110 డాలర్ల పైన ఉండేది, 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి దిగింది. ఆ శీతకాలంలో మా అంతస్తులో ఇరవై రెండు బల్లలు ఉంటే మార్చి నాటికి తొమ్మిది మందిమి మిగిలాం. హెలిపోర్టుకు వెళ్లే దారిలో సాయంత్రాలు ఖాళీ లేకుండా నిండే హోటళ్లు గదిని సగం రేటుకు ఇచ్చాయి. ప్రభుత్వ లెక్కల్లో ఇదే సంగతి ఇలా కనిపిస్తుంది: స్కాట్లాండ్ వాటా చమురు రాబడి 2014-15లో 180 కోట్ల పౌండ్లు, 2015-16లో 6 కోట్లు. అంతకు నాలుగేళ్ల ముందు అదే వెయ్యి కోట్లకు దగ్గర్లో ఉండేది. 2015-16లో మాకు పూర్తి స్వయంప్రతిపత్తి ఉండివుంటే, ఉద్యోగాలు పోయిన ఊరికి సాయం చేయవలసిన సమయంలోనే ప్రభుత్వం చేతులు ఖాళీ అయ్యేవి. కానీ ఆ ఏడాది పింఛన్లు ఆగలేదు, ఆసుపత్రులు నడిచాయి, ఎందుకంటే చమురు దెబ్బ లండన్ ఖజానాకు తగిలింది.

డండీ పాఠకురాలు:

ఆబర్డీన్ గోదావరి గారి అంకెలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తీసిన ముగింపుతోనే ఉంది.

ఆ 10.4 శాతం లోటు ఇప్పుడున్న ఏర్పాటులో వచ్చిన లోటు. అందులో రక్షణ వ్యయం, జాతీయ అప్పు మీద వడ్డీ వంటివి జనాభా వాటా ప్రకారం పంచి వేసినవి. ఆ ఖర్చులు ఎంత ఉండాలన్నది ఇక్కడి పార్లమెంటు నిర్ణయించలేదు. చేతిలో ఉన్నవి ఆదాయపు పన్ను, ఇళ్ల కొనుగోలు పన్ను, చెత్త పారబోత పన్ను వంటివి కొన్ని మాత్రమే అయినప్పుడు, పరిశ్రమలు పెంచలేదేమని అడగడం ఎద్దును కట్టేసి దున్నలేదని తిట్టడమే. పెట్టుబడులను రప్పించే కంపెనీ పన్ను, ఉద్యోగం ఇచ్చే యజమానిపై పడే నేషనల్ ఇన్సూరెన్స్, పనివాళ్లను రానిచ్చే వీసాలు, మూడూ వేరేచోట నిర్ణయమవుతాయి. జీతగాళ్ల మీద రేటు పెంచడం తప్ప ఇక్కడి ఆర్థిక మంత్రికి మరో దారి లేకపోవడం వల్లనే లీత్ కొత్తవాసి గారికి ఆ 1,528 పౌండ్లు పడ్డాయని నా అభిప్రాయం.

ఇది ఎక్కడా జరగనిది కూడా కాదు. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో 1878 నుంచి ‘కన్సియెర్టో’ అనే పద్ధతి ఉంది. అక్కడి మూడు ప్రావిన్సుల ఖజానాలే ఆదాయపు పన్ను, కంపెనీ పన్ను, వ్యాట్ వసూలు చేసి, మాడ్రిడ్ తన దగ్గర ఉంచుకున్న పనుల ఖర్చులో 6.24 శాతాన్ని ‘కుపో’ పేరుతో చెల్లిస్తాయి. అంతర్యుద్ధ కాలంలో ఫ్రాంకో 1937లో రెండు ప్రావిన్సుల్లో దీన్ని రద్దుచేశాడు, 1981లో తిరిగి వచ్చింది. కారులో ఒక గంట దూరంలో రెండు పన్నుల శాఖలు, రెండు రకాల ఫారాలు. అయినా దేశం ముక్కలు కాలేదు. బాస్క్ స్పెయిన్ సగటుకంటే సంపన్న ప్రాంతమని, పేద ప్రాంతాల కోసం అది పెట్టే వాటా తక్కువని ఉన్న విమర్శ నాకు తెలుసు. 2012లో కటలోనియా అటువంటిదే అడిగితే మాడ్రిడ్ కాదన్నదీ తెలుసు. ఉన్నవాడు అడిగితే స్వార్థం, లేనివాడు అడిగితే తెలివితక్కువతనం అంటే ఇక అడగదగినవాడు ఎవడు?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. అప్పు చేసే అధికారం లేకుండా పన్నులన్నీ తీసుకోవడం ప్రమాదమే. 2023 ఆగస్టు సవరణ తరువాత కూడా అంచనా తప్పినప్పుడు తెచ్చుకోగల అప్పు ఏడాదికి 60 కోట్ల పౌండ్లు, దాన్ని ధరల పెరుగుదలతో పాటు పెంచుతారు. చమురు ధర పడిన ఏడాదిని దాంతో దాటలేం.

లీత్ కొత్తవాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. భోజనాల దగ్గర ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో ఇప్పుడు అర్థమవుతోంది. ఇంకొక్కటి అడుగుతాను. మన దేశంలో కేంద్రం, రాష్ట్రాల మధ్య పంపకానికి అయిదేళ్లకోసారి ఆర్థిక సంఘం వేస్తారు కదా, ఇక్కడ అటువంటిది ఉందా? పన్ను మొత్తం ఇవ్వాలా వద్దా అన్న తగవుకంటే ముందు, తీర్పరి ఎవరన్నది తేలాలి కదా.

క్లైడ్ ఒడ్డు:

లేదు. మన దగ్గర సెస్సుల పేరుతో కేంద్రం వాటాకు అందని సొమ్ము పెంచుకుంటోందని ఎంత ఫిర్యాదు ఉన్నా, రాజ్యాంగం ప్రకారం ఏర్పడే సంఘమంటూ ఒకటి ఉంది. ఇక్కడ బార్నెట్ సూత్రానికి చట్టం ఆధారం కూడా లేదు, అది ట్రెజరీ, అంటే లండన్‌లోని ఆర్థిక శాఖ, పాటించే పద్ధతి మాత్రమే. ఏ ఖర్చు ఇంగ్లండ్‌ది, ఏది దేశమంతటిదని తేల్చేది ట్రెజరీయే. అభ్యంతరం ఉంటే ఉభయ ప్రభుత్వాల మంత్రులు కూర్చునే సంయుక్త కమిటీలో చెప్పుకోవాలి. పోటీలో ఉన్నవాడి చేతికే ఈల ఇచ్చినట్టుంటుంది. డండీ పాఠకురాలు గారు కోరేది వచ్చినా, లండన్‌కు పంపవలసిన వాటా ఎంతన్న చోట ఇదే తగవు మళ్లీ మొదలవుతుంది. బాస్క్‌లోనూ ఆ 6.24 శాతం మారలేదు గానీ, దేని మీద 6.24 శాతమన్న దాని మీద ప్రతి అయిదేళ్లకూ బేరం నడుస్తూనే ఉంటుంది.

మీ పేస్లిప్ సంగతి: పన్ను సంవత్సరంలో ఎక్కువ కాలం ఎక్కడ నివసించారన్నదాన్ని బట్టి ఏడాది మొత్తానికి ఒకటే హోదా ఇస్తారు. మీరు జూన్‌లో వచ్చారు కనుక ఏప్రిల్ 6 నుంచే స్కాట్లాండ్ రేట్లు వర్తిస్తాయి. రెండో నెల కోత ఎక్కువగా కనిపించడానికి అంతకుముందు నెలల తేడా కూడా కలిసి ఉండవచ్చు. తరువాతి పేస్లిప్‌తో పోల్చి చూడండి.