కాలిన ఇంటికి పుట్టీ, పెయింటు చాలవా? మేస్త్రీ ఒకటంటాడు, చెన్నై వాళ్లు ఒకటంటారు

కొర్లగుంట_వాసి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంటలో రెండంతస్తుల ఇల్లు. పైన మేముంటాం, కింద ఫోటో ఫ్రేముల వ్యాపారం చేసే ఆయనకి అద్దెకిచ్చినాం. పోయిన నెల 9వ తేదీ రాత్రి కింద మంటలు లేచినాయి. మనుషులకి ఏమీ కాలేదు, స్వామి దయ. ఫైరింజన్ వచ్చి గంట లోపల ఆర్పేసినారు. కింద హాలు మొత్తం బొగ్గయింది. వెనక రెండు రూములకి మంట తగల్లేదు గానీ గోడలు నల్లగా ఉన్నాయి. మెట్ల మీదుగా పొగ పైకొచ్చి మా గోడలు, కర్టెన్లు, బీరువాలో పట్టుచీరలతో సహా వాసన.

మా మేస్త్రీ యాసిడ్‌తో కడిగి, రెండు పూతలు పుట్టీ పెట్టి పెయింటు వేస్తానన్నాడు. 60 వేలు. చెన్నై నుంచి వచ్చిన క్లీనింగ్ కంపెనీ వాళ్లు 3 లక్షల 40 వేలు అన్నారు, పది రోజుల పని. ఏవో మిషన్లు పెడతారంట. కార్తీకంలో అమ్మాయి నిశ్చితార్థం ఉంది. ఇంత తేడాకి అర్థముందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రంగుల_మేస్త్రీ:
అన్నా, 27 ఏళ్లుగా ఇదే పని. యాసిడ్ మాత్రం వద్దు, మీ మేస్త్రీకి నేను చెప్పినానని చెప్పండి. సబ్బునీళ్లతో కిందనుంచి పైకి కడగాలి. ఆరినాక ప్రైమరు, పుట్టీ, పెయింటు. లక్ష లోపలే అయిపోతుంది. చెన్నై వాళ్లు చేసేది కూడా అదే, యూనిఫారం వేసుకుని చేస్తారు.

తిలక్‌రోడ్డు_షాపు:
ఇన్సూరెన్స్ ఉందా? సర్వేయరు చూడకముందే కడిగేస్తే అంతే సంగతులు.

రిటైర్డ్_ఏఈ:
కిందనుంచి పైకి కడగడమేమిటి? ఇల్లు దులిపినా కడిగినా పైనుంచి కిందకే. మసి కిందకి జారుతుంది కాబట్టి స్లాబుతో మొదలుపెట్టి గోడలకి రావాలి. ఇది ఇంగితం.

అయినా అందరూ రంగు గురించే మాట్లాడుతున్నారు, స్లాబు సంగతి ఎవరూ అడగలేదు. 31 ఏళ్లు ఇంజినీరింగ్ శాఖలో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. కాంక్రీటు 300 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది. 600కి వచ్చేసరికి సుమారు సగం పోతుంది. కంకరలో ఇనుము పాలు ఉంటే 300 దాటాక గులాబీ రంగు తిరుగుతుంది, 600 పైన మళ్లీ బూడిద తెలుపులోకి వస్తుంది. అన్ని కంకరలకీ ఈ రంగు రాదు, కాబట్టి గులాబీ లేదంటే క్షేమమని కాదు. హాల్లో కాలిన చోట ప్లాస్టరింగ్ మొత్తం కొట్టించి చూడాలి. సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చిన చోట గుర్తు పెట్టండి. తర్వాత కాంక్రీటు గట్టితనం చూసే రీబౌండ్ హామర్, లోపలి పగుళ్లు చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించి, అనుమానమున్న చోట కోర్ (పరీక్షకి కోసి తీసే కాంక్రీటు ముక్క) తీయించాలి. ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలో అడిగి చూడండి.

ఫైరింజన్ నీళ్లు వేడి స్లాబు మీద పడ్డాయి. అది ఇంకో దెబ్బ.

రంగుల_మేస్త్రీ:
సార్, మర్యాదగా చెప్తా ఉండాను. మసి గోడ మీద పైనుంచి నీళ్లు పోస్తే నల్లనీళ్లు పొడి గోడ మీద చారలు చారలుగా దిగుతాయి. ఆ చారలు గోడ పీల్చేస్తుంది, ఇక పోవు. కింద ముందే తడిసి ఉంటే పైనుంచి వచ్చింది అంటుకోదు. చేతులతో చేసేవాడికి తెలుస్తుంది.

చిత్తూరు_హౌస్‌కీపింగ్:
ఇద్దరిదీ రైటే. పొడి మసి పైనుంచి కిందకి తీయాలి, తడి కడుగుడు కిందనుంచి పైకి. అసలు ముందు తడి తగలకూడదు. సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో పీల్చి, పొడి రబ్బరు స్పాంజితో ఒకే వైపు లాగుతూ తీయాలి. రుద్దకూడదు. మామూలు చీపురు పెట్టి ఊడిస్తే మసి ఇల్లంతా లేస్తుంది.

రిటైర్డ్_ఏఈ:
నేను చెప్పింది కూడా అదే. పైనుంచి కిందకి.

రంగుల_మేస్త్రీ:
కడిగేటప్పుడు అన్నారు సార్ మీరు. పైకి పోయి చదవండి.

గోవిందా_గోవింద:
మూలల్లో ఉల్లిపాయ ముక్కలు, గిన్నెల్లో వెనిగర్ పెట్టండి. రోజూ సాంబ్రాణి వేయండి. వారంలో వాసన పోతుంది. మా పిన్నమ్మ వాళ్లింట్లో చేసినారు.

రిటైర్డ్_ఏఈ:
పొగ వాసనకి మందు ఇంకో పొగా?

కొర్లగుంట_వాసి:
అందరికీ థాంక్స్. ఇన్సూరెన్స్ అడిగినారు. బ్యాంకు లోన్‌తో పాటు ఇంటి పాలసీ ఒకటి ఉంది. సర్వేయరు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. కింద స్టాకు చూసి, ఇది ఇల్లా గోడౌనా అని పెదవి విరిచి పోయినాడు. కాబట్టి దాని మీద ఆశ తక్కువ.

తిలక్‌రోడ్డు_షాపు:
మీది భారత్ గృహ రక్ష పాలసీ అయితే (2021 ఏప్రిల్ నుంచి ఇచ్చే ఇంటి ఇన్సూరెన్స్) అది కాపురముండే ఇంటికి మాత్రమే. మీ పై అంతస్తుకి జరిగిన నష్టం విడిగా రాసి అడగండి, వదిలిపెట్టొద్దు. శిథిలాలు ఎత్తిపోయించిన ఖర్చు కూడా క్లెయిములో 2 శాతం దాకా ఇస్తారు. బిల్లులు పెట్టుకోండి.

ఫ్రేముల స్టాకంటే ఆషామాషీ కాదు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఫ్రేముల షాపు కాలినప్పుడు మా అంగడి దాకా ఆ నల్లపొగ. గుడి రథం అంటుకుందని వాట్సాప్‌లో పుకార్లు పుట్టించినారు, దానికేమీ కాలేదు. మా షట్టరు పట్టాలకి పట్టిన జిగట మాత్రం నెల దాకా ఉండింది.

బైరాగిపట్టెడ_అక్క:
ఆ ఫ్రేములు చెక్కవా, ప్లాస్టిక్‌వా?

కొర్లగుంట_వాసి:
ఇప్పుడు చెక్క ఎవరు వాడతారక్కా? చాలావరకు ఆ బంగారు రంగు ప్లాస్టిక్ పట్టీలే. వైరింగ్ కూడా మొత్తం కాలింది.

చిత్తూరు_హౌస్‌కీపింగ్:
అయితే సబ్బునీళ్లకి లొంగే మసి కాదు. ఆ పట్టీలు పాలీస్టైరిన్, నూనె జిడ్డులాంటి నల్ల మసి వదులుతుంది. పీవీసీ వైరు కాలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తుంది. మసితో పాటు అది స్విచ్‌బోర్డుల్లో, ఫ్యాన్ బేరింగుల్లో, ఏసీలో, ఫ్రిజ్ వెనక కూర్చుని ఇనుమూ రాగీ తినేస్తుంది. పైన ఉన్న ఎలక్ట్రిక్ సామాన్లు చూపించకుండా ఆన్ చేయొద్దు. పట్టుచీరలు ఇంట్లో ఉతకొద్దు, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చి పొగ సంగతి చెప్పండి.

రిటైర్డ్_ఏఈ:
ఇప్పుడర్థమైందా? ఉన్న యాసిడ్ చాలదన్నట్టు ఇంకా యాసిడ్ పోస్తానంటాడు వీళ్ల మేస్త్రీ. ఆ యాసిడ్‌లోని క్లోరైడు కాంక్రీటులోకి దిగితే కమ్మి తుప్పు పడుతుంది. మేస్త్రీల చేతిలో ఇల్లు పెడితే ఇంతే. రంగు వేసి నోట్లు లెక్కపెట్టుకుని పోతారు.

రంగుల_మేస్త్రీ:
యాసిడ్ వద్దని మొదట చెప్పిందే నేను. మీరు ఏ మేస్త్రీని తిడతా ఉండారో చూసుకుని తిట్టండి.

మేస్త్రీల చేతిలో కాకపోతే మీ ఇల్లు ఎవరు కట్టినారు సార్? మీరు బిల్లు మీద సంతకం పెట్టేదాకా మేము మండుటెండలో స్లాబు తడుపుతా ఉంటిమి. నా బిల్లు ఒకటి పద్నాలుగు నెలలు ఏ ఆఫీసులో ఆగిందో చెప్పమంటారా? చెప్పను, పోనీండి.

రిటైర్డ్_ఏఈ:
ఇది సమాధానం కాదు. నా అనుభవం మీద మాట్లాడుతున్నాను. సున్నపు బట్టీ చూశావా ఎప్పుడైనా? కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఉడికి, ఉబ్బి, పొడి అవుతుంది. బాగా కాలిన కాంక్రీటులో కూడా అదే జరుగుతుంది. 400, 500 డిగ్రీల దగ్గర సిమెంటులోని సున్నం నీరు పోగొట్టుకుంటుంది. తర్వాత వానలకి తేమ తగిలితే మళ్లీ ఉబ్బుతుంది. మంటలో నిలబడ్డ స్లాబు నెలల తర్వాత పెళ్లలుగా రాలడం అందుకే. నువ్వు దాని మీద పుట్టీ పెడతానంటావు. గంటలో ఆరిపోయిన మంట కాబట్టి 20 మిల్లీమీటర్ల కవరు (కమ్మిని కప్పి ఉంచే కాంక్రీటు పొర) దాటి కమ్మి దాకా వేడి పోకపోయి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నా, అంతే. టీఎంటీ కమ్మి 600 దాటి వేడెక్కితే చల్లారాక పాత గట్టితనం పూర్తిగా తిరిగి రాదు.

రంగుల_మేస్త్రీ:
స్లాబు చూడొద్దని నేనెక్కడ అన్నా? రంగు గురించి అడిగితే రంగు గురించి చెప్పినా.

ఎమ్మార్‌పల్లె_కుర్రోడు:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కానివ్వండి.

కొర్లగుంట_వాసి:
పెద్దవాళ్లు గొడవ పడొద్దు. నేనొకటి అనుకున్నా. పైన మేముండేది, ఫంక్షన్ కూడా అక్కడే కాబట్టి పైన చెన్నై వాళ్లతో చేయిస్తా. పై వరకే అయితే లక్షా 30 వేలు అన్నారు. కింద మా మేస్త్రీ చేత రంగు వేయిస్తా. ఆ ఫ్రేములాయన ఖాళీ చేసేసినాడు. కింద ఎట్లాగూ మూడు రూములు చేసి యూనివర్సిటీ పిల్లలకే ఇస్తాం, రెండేళ్లు ఉండి పోతారు. ఇది సరిపోతుంది కదా?

బైరాగిపట్టెడ_అక్క:
ఇప్పటిదాకా నోరు మూసుకుని చదువుతున్నా. ఇక ఆగలేను.

మీరుండే చోటికి మిషన్లు, పిల్లలుండే చోటికి పుట్టీ. పొగ పుట్టింది కిందనే కదండీ! నేనెందుకు అడుగుతున్నానో వినండి. మూడేళ్ల కిందట మేము ఇక్కడే ఒక ఇంట్లో అద్దెకి దిగినాం. కొత్త రంగు, తళతళా ఉంది. ఎండాకాలం అంతా బాగుంది. నవంబరు వానలు మొదలైన వారానికి బెడ్‌రూమంతా కాలిన వైరు వాసన. గోడ మీద పసుపు చాయలో చారలు బయటికొచ్చినాయి. మా చిన్నోడికి అప్పటికే వీజింగ్ ఉంది, ఆ నెలలో రెండుసార్లు నెబులైజర్ పెట్టించినాం. వాసన వల్లే వచ్చిందని డాక్టరు రాసివ్వలేదు, నేనూ అనను. కానీ ఇల్లు మారినాక నాకు రాత్రుళ్లు నిద్ర పట్టింది. ఆ రూము కాలిందని పక్కింటి ఆమె చెప్తే తెలిసింది మాకు. ఓనరుని అడిగితే, రంగు కొత్తగా వేయించినాం కదా, ఇంకేం కావాలన్నాడు. అగ్రిమెంటు గడువు కాకముందే పోతున్నామని అడ్వాన్సు 50 వేలు పట్టుకున్నాడు.

మీరు మంచివాళ్లే అయ్యుంటారు. ఆయన కూడా మంచిగానే మాట్లాడేవాడు.

చిత్తూరు_హౌస్‌కీపింగ్:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు. గోడ రంధ్రాల్లో మిగిలిన మసి, జిడ్డు గాలిలో తేమ పెరిగితే వాసన కొడుతుంది. నీళ్లలో కలిపే పెయింటు, పుట్టీ ఆ మరకని ఆపలేవు. మసి పూర్తిగా తీసినాక షెల్లాక్ ప్రైమరు, అదే, లక్క నుంచి తీసి స్పిరిట్‌లో కలిపేది, ఒక కోటు వేసి ఆపైన రంగు వేయాలి. వాసన పోగొట్టే ఓజోన్ మిషన్ పెట్టేటప్పుడు మనుషులు, కుక్కపిల్లలు, మొక్కలు ఏవీ లోపల ఉండకూడదు. మసి తీయకుండా ఓజోన్ పెట్టినా దండగే.

రిటైర్డ్_ఏఈ:
ఆవిడ బాధ అర్థమైంది. కానీ విషయం పక్కదారి పడుతోంది. స్లాబు పరీక్షలో నిలిచి, మసి సరిగ్గా తీస్తే ఆ గది ఎవరికైనా ఇవ్వొచ్చు. కాలిందని అద్దెకి వచ్చేవాడికి ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలి? చెప్తే ఎవడూ రాడు. నాకూ పద్మావతిపురంలో రెండు పోర్షన్లు ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు గ్యాసు మీద పాలు పెట్టి మరిచిపోయి వంటగది మాడ్చిన రోజులున్నాయి. బాగు చేయించింది నేనే, ఒక్క రూపాయి వాళ్లివ్వలేదు. ఓనరు బాధ ఎవరికీ పట్టదు.

బైరాగిపట్టెడ_అక్క:
ఇంతసేపూ స్లాబు కోసం పోట్లాడినారు సార్, ప్రాణాలకి ప్రమాదమని. ఆ ప్రాణాలెవరివో మాత్రం చెప్పక్కర్లేదా?

రంగుల_మేస్త్రీ:
అక్కా, ఈ మాట నేను చెప్పాలి. 27 ఏళ్లలో అట్లాంటి గోడలు ఎన్ని మూసినానో లెక్కలేదు. ప్రైమరు రేటు చెప్పగానే ఓనర్లు అనే మాట ఒకటే: "అంతా ఎందుకు మేస్త్రీ, అద్దెకిచ్చేదే కదా." లక్క ప్రైమరు గురించి నాకు తెలుసు. ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ల దగ్గర చూసినా. మొదటి పోస్టులో రాయలేదు ఎందుకంటే రాస్తే రేటు పెరుగుతుంది, నేను కూడా దోపిడీ అంటారని. మళ్లీ మరక బయటికొస్తే ఫోన్ చేసి తిట్టేది నన్నే. మీ బైరాగిపట్టెడ ఇల్లు నేను వేసింది కాదనే అనుకుంటా ఉండా.

ఏఈ సార్, స్లాబు విషయంలో మీరు చెప్పింది నిజం. ఒప్పుకుంటా. కడిగే విషయంలో మాత్రం కిందనుంచి పైకే.

రిటైర్డ్_ఏఈ:
పొడిది పైనుంచి.

రంగుల_మేస్త్రీ:
పొడిది పైనుంచే సార్.

కొర్లగుంట_వాసి:
నాలుగు రోజులు రాలేకపోయినా. నన్ను విలన్‌ని చేసేసినారు, సరే. ఇల్లు కాలింది నాది, ఈఎంఐ కట్టేది నేను. ఆ ఫ్రేములాయన అడ్వాన్సు లక్షన్నర నా దగ్గరే ఉంది, ఇవ్వాలో వద్దో తెలీక నాకు టెన్షన్. అది వేరే సంగతి.

నిన్న కింద హాల్లో ప్లాస్టరింగ్ కొట్టించినా. వాకిలి పక్క మూల, స్టాకు పేర్చిన చోట స్లాబు సుమారు ఆరడుగుల మేర లేత గులాబీగా ఉంది. సుత్తితో తడితే రెండు చోట్ల డొల్లగా పలికింది. మిగతా అంతా ఖంగుమంటోంది. ఏఈ సార్, ఫోటోలు పంపినా చూడండి.

రిటైర్డ్_ఏఈ:
చూశాను. ఆ మూలకి కింద ఊతంగా జాకీలు, ప్రాప్స్ (నిలువు ఊతాలు) పెట్టించండి ఈ రోజే. పైన సరిగ్గా ఆ చోట ఏముంది?

కొర్లగుంట_వాసి:
మా పూజగది సార్. దాని పక్కన బీరువా.

రిటైర్డ్_ఏఈ:
బీరువా జరిపించండి. పరీక్ష అయ్యేదాకా అక్కడ జనం గుమిగూడొద్దు. నిశ్చితార్థం కల్యాణమండపంలో పెట్టుకోండి.

రంగుల_మేస్త్రీ:
ఆదివారం పొద్దున నేను వచ్చి చూస్తా అన్నా, డబ్బులొద్దు. ప్రాప్స్ నా దగ్గర పన్నెండు ఉన్నాయి, ఆటోలో వేసుకొస్తా. వెనక రూములకి మసి తీసి లక్క ప్రైమరుతో వేస్తే ఎంతవుతుందో అక్కడే లెక్క చెప్తా. 60 వేలలో మాత్రం కాదు.

కొర్లగుంట_వాసి:
రండి మేస్త్రీ. సాయంత్రం నాలుగున్నర నుంచి రాహుకాలం, అంతలోపల ప్రాప్స్ నిలబెట్టేద్దాం.

బైరాగిపట్టెడ_అక్క:
సంతోషం. రూములు తయారయినాక వచ్చే పిల్లలకి చెప్తారా?

కొర్లగుంట_వాసి:
ఇంకా అద్దెకే పెట్టలేదు కదక్కా.

బైరాగిపట్టెడ_అక్క:
నేనడిగింది అది కాదు.