స్టాక్‌హోమ్‌లో పదిహేను రోజులు: పగటిపూట మేమిద్దరమే ఎక్కడికి వెళ్లాలి, ఏం తినాలి?

ప్రశ్న: పెన్నాతీరం (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి ఉద్యోగరీత్యా స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఉంటున్నాడు. వచ్చే జూన్ రెండో వారంలో నేనూ మా ఇంటావిడా పదిహేను రోజులు అక్కడ ఉండి రావాలని బయలుదేరుతున్నాము. 1972లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగింది అక్కడేననీ, అందులో ఇందిరా గాంధీ ప్రసంగించారనీ ఏటా పిల్లలకు చెప్పేవాడినే తప్ప, ఆ ఊరు నాకు పటంలో ఒక చుక్క మాత్రమే.

అబ్బాయీ కోడలూ సోమవారం నుంచి శుక్రవారం వరకు ఆఫీసుకు వెళ్తారు. వాళ్ల సెలవు కోసం ఎదురుచూస్తూ నాలుగు గోడల మధ్య కూర్చోవడం మాకు ఇష్టం లేదు. నాకు అరవై ఆరేళ్లు, బాగానే నడవగలను. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఉన్నందువల్ల మెట్లు, ఎత్తులు కష్టం. ఆమె గుడ్డు కూడా ముట్టని శాకాహారి. నేను కోడి, చేప తింటాను గానీ గొడ్డు మాంసం, పంది మాంసం తినను. పొద్దున కాఫీ, రాత్రి మజ్జిగ లేకపోతే మా ఇద్దరికీ రోజు గడిచినట్లు ఉండదు. ఇటువంటి మాకు అక్కడ చూడదగినవేవో, బయట తినదగినవేవో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: బురుజునీడ (కర్నూలు)

అయ్యవారికి నమస్కారం. నేను ఆ నగరంలో నాలుగేళ్లు పనిచేసి కర్నూలుకు తిరిగి వచ్చినవాడిని. మా ఊళ్లో హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసినట్లు అక్కడ మెలారెన్ అనే మంచినీటి సరస్సు బాల్టిక్ సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోట 14 దీవుల మీద నగరం పరుచుకుని ఉంది కనుక మీరు ఎటు బయలుదేరినా ఒక వంతెన దాటడమో, ఒక పడవ ఎక్కడమో తప్పదు. పర్యాటకుల కోసం తిప్పే బస్సులకు డబ్బు పోయకండి. ఎస్‌ఎల్ అనే ప్రాంతీయ రవాణా సంస్థ ఏడు రోజుల టికెట్టు ఇస్తుంది. మెట్రో, బస్సు, ట్రాము, లోకల్ రైలుతో పాటు స్లుస్సెన్ నుంచి యూర్గోర్డెన్ దీవికి వెళ్లే పడవ కూడా అందులోనే వస్తుంది. 65 ఏళ్లు నిండినవారికి ధర తక్కువ. మీరు ఆ లెక్కలోకి వస్తారు.

ఆ దీవిలోని వాసా మ్యూజియానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. మీరు చరిత్ర చెప్పినవారు కాబట్టి మరీ గట్టిగా చెబుతున్నాను. రాజు రెండవ గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన వాసా అనే యుద్ధనౌక 64 ఫిరంగులతో 1628 ఆగస్టు 10న మొదటిసారి బయలుదేరి, సుమారు 1300 మీటర్లు సాగి, ఊరి జనమంతా చూస్తుండగానే రేవులో మునిగిపోయింది. అడుగుభాగం ఇరుకు, పైభాగం బరువు. గాలి విసురుకు ఒరిగేసరికి తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీళ్లు లోపలికి వచ్చాయి. అంతకుముందే ముప్పై మందిని పైతట్టు మీద ఒక అంచు నుంచి మరో అంచుకు పరుగెత్తించి పరీక్షిస్తే ఓడ భయం గొలిపేలా ఊగింది. పరీక్ష ఆపారు గానీ ప్రయాణం ఆపలేదు. రాజుగారు తొందరపెడుతుంటే వద్దని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

1961లో ఆ ఓడను నీటి అడుగు నుంచి పైకి తీశారు. ఇప్పుడు మీరు చూసే కొయ్యలో 98 శాతం ఆనాటిదే. బాల్టిక్ నీటిలో ఉప్పదనం తక్కువ కావడం వల్ల కొయ్యను తొలిచే ఓడపురుగు అందులో బతకదు. మరో సముద్రంలో మునిగి ఉంటే ఈపాటికి మేకులు తప్ప ఏమీ మిగిలేవి కావు. ఓడ చుట్టూ అంతస్తులుగా గ్యాలరీలు ఉన్నాయి, లిఫ్టు ఉంది, కనుక అమ్మగారికి ఇబ్బంది ఉండదు. కొయ్య చెడిపోకుండా లోపల చల్లగా ఉంచుతారు. ఒక శాలువా తీసుకెళ్లండి.

రెండో స్థానం నగర సభా భవనానికి ఇస్తాను. 1923లో ప్రారంభమైన ఆ ఎర్ర ఇటుకల భవనంలో ఏటా డిసెంబర్ 10న నోబెల్ విందు జరుగుతుంది. విందు జరిగే గదిని నీలి హాలు అంటారు గానీ అందులో నీలం ఎక్కడా లేదు. రంగు వేయించాలనుకున్న వాస్తుశిల్పి రాగ్నార్ ఓస్ట్‌బర్గ్ ఇటుకల అందం చూసి మనసు మార్చుకున్నాడు, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. పైనున్న బంగారు హాలు గోడల నిండా దాదాపు కోటీ ఎనభై లక్షల మొజాయిక్ ముక్కలు ఉన్నాయి. గైడుతో తప్ప లోపలికి పంపరు కనుక వేళలు ముందే చూసుకోండి. 1930లో భౌతికశాస్త్ర బహుమతి అందుకోవడానికి సి.వి. రామన్ ఈ నగరానికే వచ్చారన్న సంగతి అక్కడ నిలబడితే తప్పక గుర్తుకు వస్తుంది.

వాన పడిన రోజు మెట్రోలోనే తిరగండి. 100 స్టేషన్లలో 90కి పైగా స్టేషన్లలో కళాకారుల పని కనిపిస్తుంది. నీలి మార్గంలోని స్టేషన్లలో తొలిచిన రాతిని సున్నం, పలకలతో కప్పకుండా అలాగే వదిలి దాని మీదే చిత్రాలు వేశారు. బెలూం గుహలు చూసిన మనకు ఆ రాతి కప్పు కింద నిలబడటం కొత్త కాదు గానీ, గుహలోకి రైలు రావడం కొత్తే. తే-సెంట్రాలెన్, సోల్నా సెంట్రుమ్, కుంగ్స్‌ట్రెడ్‌గోర్డెన్ ఈ మూడు చూస్తే చాలు. అన్నింటికీ ఎస్కలేటర్లు ఉన్నాయి.

పాత ఊరైన గామ్లా స్తాన్‌ను అందరూ మెచ్చుకుంటారు, నిజంగానే బాగుంటుంది. అయితే వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి కావడం వల్ల మోకాళ్లకు పరీక్షే. 1520లో డెన్మార్క్ రాజు స్వీడన్ ప్రముఖులను వరుసగా శిరచ్ఛేదం చేయించిన స్టోర్‌టోర్యెట్ కూడలి వరకు నెమ్మదిగా నడిచి, అక్కడి బల్ల మీద కూర్చుని ఎర్ర, పసుపు ఇళ్లను చూసి వెనక్కి రండి. 90 సెంటీమీటర్ల వెడల్పున్న ఇరుకు సందు ఒకటి ఉంది. అది మెట్ల సందు కనుక అమ్మగారిని కిందే ఉంచి మీరొక్కరే ఎక్కి దిగవచ్చు.

జవాబు: కడప ఆడపడుచు (ప్రస్తుతం స్టాక్‌హోమ్)

అయ్యవారూ, చూడవలసినవి పైన అన్నగారు వివరంగా చెప్పారు కనుక నేను తిండి సంగతే రాస్తాను. ఇక్కడ బయట తినడానికి సరైన సమయం మధ్యాహ్నమే. పనిదినాల్లో సుమారు పదకొండు నుంచి రెండు గంటల వరకు చాలా హోటళ్లు ‘దాగెన్స్ లున్చ్’ పేరుతో ఆ రోజు భోజనం పెడతాయి. ఒకే ధరలో ప్రధాన వంటకం, కావలసినంత సలాడ్, రొట్టె, వెన్న, చివర కాఫీ వస్తాయి. అదే బల్ల దగ్గర రాత్రి కూర్చుంటే బిల్లు ఎంతో పెరుగుతుంది. పగలు బయట తిని, రాత్రికి కోడలి చేతి అన్నం తినడం మంచిది.

అమ్మగారి కోసం ఒక మాట బాగా గుర్తుంచుకోండి. ఇక్కడ ‘వెగెటారిస్క్’ అంటే మాంసం, చేప లేనిదని మాత్రమే అర్థం, గుడ్డు ఉండవచ్చు. ‘వెగాన్స్క్’ అని అడిగితే గుడ్డూ పాలూ రెండూ ఉండవు కనుక నిశ్చింతగా తినవచ్చు. పొట్లాల మీద ఎగ్ అని పలికే మాటకు గుడ్డనీ, ఫ్లెస్క్ అంటే పంది మాంసమనీ, నోట్ అంటే గొడ్డు మాంసమనీ, షిక్లింగ్ అంటే కోడి అనీ తెలిస్తే మీకు సగం స్వీడిష్ వచ్చినట్లే. ప్రపంచమంతా పొగిడే ఇక్కడి మాంసపు ఉండలు, షొట్‌బుల్లార్, సాధారణంగా గొడ్డు మాంసమూ పంది మాంసమూ కలిపి చేస్తారు కాబట్టి మీరు వాటి జోలికి వెళ్లకండి. గురువారాల్లో వడ్డించే పసుపు బఠానీల సూపు చూడటానికి మన పప్పులా ఉంటుంది, కానీ అందులోనూ పంది ముక్కలు వేయడం ఆనవాయితీ.

మీకు తగినది చేప. స్ట్రోమింగ్ అనే చిన్న చేపలను రై అనే ధాన్యపు పిండిలో పొర్లించి వెన్నలో వేయించి, మెత్తగా మెదిపిన బంగాళదుంపతో, పుల్లటి లింగన్ పళ్ల జాముతో పెడతారు. చేపతో జాము ఏమిటని నేనూ మొదట ముఖం చిట్లించాను. చింతపండు పులుసుకు అలవాటుపడిన నోటికి ఆ పులుపు రెండో ముద్దకే నచ్చింది. గ్రావద్‌లాక్స్ అనేది ఉప్పు, చక్కెర, సోయకూర పట్టించి ఊరబెట్టిన సాల్మన్. అది పొయ్యి ఎక్కని చేప అని తెలిసే తినండి. అమ్మగారికి సోడెర్మల్మ్ దీవి కొండ అంచున ఉన్న హెర్మన్స్ అనే బఫే చాలా నచ్చుతుంది. అక్కడ అన్నీ మొక్కల నుంచి వచ్చినవే, కావలసినంత వడ్డించుకోవచ్చు, కిందుగా రేవంతా కనిపిస్తుంది. నడిచి ఎక్కకుండా బస్సులో వెళ్లండి.

కాఫీ విషయంలో బెంగ వద్దు, ఈ దేశం కాఫీతోనే నడుస్తుంది. 18వ శతాబ్దంలో ప్రభుత్వం ఒకటికి రెండుసార్లు కాఫీని నిషేధించినా జనం మానలేదు. పని ఆపి, కూర్చుని, కాఫీతో ఏదైనా తీపి తింటూ మాట్లాడుకోవడాన్ని ‘ఫీకా’ అంటారు. 1928 నుంచి ఉన్న వేతె-కాటెన్ అనే పాత కేఫ్‌లో ఒక మధ్యాహ్నం కూర్చోండి. అయితే కాఫీ పల్చగా, నల్లగా వస్తుంది; పాలు మీరే పోసుకోవాలి. తీపి రొట్టెల్లో దాల్చినచెక్కదీ యాలకులదీ రెండూ ప్రసిద్ధి. పిండిలోనే యాలకుల పొడి ఉండటంతో మన ఓళిగల వాసన గుర్తుకు వస్తుంది. కాల్చే ముందు పైన గుడ్డు పూయడం ఇక్కడ మామూలు. అమ్మగారికి వెగాన్స్క్ రకమే అడగండి.

మజ్జిగకు దారి ‘ఫిల్’. ఏ దుకాణంలోనైనా లీటరు డబ్బాల్లో దొరికే ఈ తోడుపెట్టిన పాలు పెరుగు కంటే పల్చన, మజ్జిగ కంటే చిక్కన; నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం కలిపితే తేడా చెప్పలేరు. కుళాయి నీరు నేరుగా తాగవచ్చు, సీసాలు కొనవద్దు. వచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి, కందిపొడి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసపు పచ్చడి మాత్రం పెట్టుకోవద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదన్న నియమం ఉంది. రూపాయలను స్వీడన్ నోట్లుగా మార్చుకుని తేవడం కూడా వృథా, చాలా దుకాణాలు నగదు తీసుకోవు, కార్డే కావాలి.

జవాబు: గండికోట బాటసారి (కడప)

పై ఇద్దరితో నాకు పేచీ లేదు గానీ, పదిహేను రోజుల్లో మ్యూజియాలకు ఇంత చోటు ఇవ్వడం నాకు నచ్చలేదు. జూన్‌లో ఆ ఊరికి వెళ్లి గదుల్లో తిరగడమంటే పెన్నా నిండుగా పారే రోజున గండికోటకు వెళ్లి కోట గోడనే చూసి వచ్చినట్లు. నగరానికి తూర్పున సముద్రంలో సుమారు 30,000 దీవులూ రాతి తిన్నెలూ ఉన్నాయి. ఒక రోజు వాక్స్‌హోల్మ్‌కు పడవలో వెళ్లండి, దాదాపు గంట ప్రయాణం. తిరుగు ప్రయాణం 670 నంబరు బస్సులో చేస్తే మీ ఎస్‌ఎల్ టికెట్టే చెల్లుతుంది. ఇంకొక రోజు ద్రోట్నింగ్‌హోల్మ్‌కు కేటాయించండి. అక్కడ రాజభవనం కన్నా పక్కనున్న 1766 నాటి నాటకశాలే చూడదగినది. తెరలు మార్చే, ఉరుములు ఉరిమించే ఆనాటి కొయ్య యంత్రాలు నేటికీ పనిచేస్తున్నాయి. సురభివారి నాటకాలు చూసినవారెవరైనా అక్కడ గంటసేపు నిలబడిపోతారు.

అయ్యవారు అడగలేదు గానీ ఇది చదివే మిగిలినవారి కోసం ఒక మాట. 3.5 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని అక్కడ ఇంటికి కొనుక్కోవాలంటే సాధారణంగా సిస్టెంబొలాగెట్ అనే ప్రభుత్వ దుకాణానికే వెళ్లాలి; 20 ఏళ్లు నిండి ఉండాలి, శనివారం మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు, ఆదివారం తెరవరు. మన రాష్ట్రంలోనూ కొన్నాళ్లు ప్రభుత్వమే దుకాణాలు నడిపింది కనుక పద్ధతి మనకు కొత్త కాదు. అక్కడ కావలసిన రకం దొరకడమే కొత్త. షాజీర వాసన వేసే అక్వావిత్ అనే మద్యం రుచి చూడాలనుకుంటే 1722 నుంచి నడుస్తున్న డెన్ గిల్డెనె ఫ్రెడెన్ అనే హోటల్‌లో ఒక చిన్న గ్లాసుతో సరిపెట్టుకోండి. రెండోది అడిగే ముందు ధరల పట్టిక చూడండి.

పెన్నాతీరం (అనంతపురం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. వాసా మ్యూజియం, నాటకశాల, పడవ ప్రయాణం ఖాయం చేసుకున్నాము. ఫిల్ అనే మాటను మా ఇంటావిడ క్యాలెండర్ వెనుక రాసిపెట్టుకుంది. మేము ఉండే రోజుల్లోనే మిడ్‌సమ్మర్ పండుగ వస్తుందని అబ్బాయి అంటున్నాడు. ఆ రోజు బయటకు వెళ్లవచ్చా?

జవాబు: కడప ఆడపడుచు (ప్రస్తుతం స్టాక్‌హోమ్)

అయ్యవారూ, ఆ పండుగ ముందురోజు జూన్ 19, 25 తేదీల మధ్య వచ్చే శుక్రవారం. మన సంక్రాంతికి పట్నాలు ఖాళీ అయినట్లు ఆ రోజు జనమంతా పల్లెలకు, దీవులకు వెళ్లిపోతారు. చాలా హోటళ్లు, మ్యూజియాలు మూసి ఉంటాయి. కూరగాయలు, పాలు గురువారమే తెచ్చిపెట్టుకోండి. మీరు మాత్రం స్కాన్సెన్‌కు వెళ్లండి. 1891లో మొదలైన ఆ ఆరుబయలు మ్యూజియంలో దేశం నలుమూలల నుంచి తెచ్చి నిలబెట్టిన పాత ఇళ్ల మధ్య ఆకులు, పువ్వులు చుట్టిన స్తంభాన్ని ఎత్తి, పెద్దలు కూడా చిన్నపిల్లల్లా కప్పగంతులు వేస్తూ దాని చుట్టూ తిరుగుతారు. ముఖద్వారం దగ్గర ఎస్కలేటర్ ఉంది కనుక కొండ ఎక్కే పని లేదు.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో సూర్యుడు తెల్లవారుజామున మూడున్నరకే ఉదయించి, రాత్రి పది దాటాక అస్తమిస్తాడు. మా అత్తగారు మొదటి వారమంతా చీకటి పడ్డాకే భోజనమని కూర్చుని, రోజూ పదకొండింటికి తిన్నారు. గదికి మందపాటి తెరలు ఉన్నాయో లేదో అబ్బాయిని ఇప్పుడే అడిగి చూడండి.