స్కాట్లాండ్ కథల్ని వాళ్ల యాసలోనే చదవాలా?

వేసవిగాలి: ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఆధునిక స్కాటిష్ కథ మీద సెమినార్ పేపర్ రాయాలి. లూయిస్ గ్రాసిక్ గిబ్బన్ కథ ‘స్మెడమ్’ తెరిచి రెండో పేజీలోనే ఆగిపోయా. అడుగడుగునా స్కాట్స్ (స్కాట్లాండ్ జనం యాస) మాటలే. ఫ్రెండ్ ఒకమ్మాయి కథ మొత్తాన్ని మామూలు ఇంగ్లీషులో రాసిన నోట్స్ ఇచ్చింది, హాయిగా ఉంది. కథ తెలిస్తే చాలదా? యాస కోసం ఇంత టెన్షన్ అవసరమా?

పాతపుస్తకం: ఆ నోట్స్ పక్కన పడేయండి. స్మెడమ్ అంటే మన ‘చేవ’ లాంటి మాట. తాగుబోతు మనిషి, తొమ్మిదిమంది పిల్లలు, పొలం, అన్నీ ఒంటిచేత్తో ఈడ్చుకొచ్చే మెగ్ మెంజీస్ కథ. చెప్పేది రచయిత కాదు, ఊరు. అరుగు మీద కూర్చుని ఎదురింటి సంగతులు చెప్పుకున్నట్టు ఉంటుంది. సగం ఈసడింపు, సగం మెచ్చుకోలు. యాస తీసేస్తే ఆ అరుగే ఉండదు.

ఇది ఒక్కసారిగా రాలేదు. 1881లో స్కాటిష్ రచయిత స్టీవెన్సన్ ‘థ్రాన్ జానెట్’ కథ రాసినప్పుడు ముందు ఇంగ్లీషులో పాస్టర్‌ని పరిచయం చేసి, తర్వాతే ఊరి పెద్దాయనకు మాట అప్పగించాడు. గుమ్మం ఇంగ్లీషు, ఇల్లు స్కాట్స్. 1934కి గిబ్బన్ ఆ గుమ్మం తీసేశాడు. గ్లాస్గో రచయిత జేమ్స్ కెల్మన్ అయితే సంభాషణలకు కొటేషన్ గుర్తులు కూడా పెట్టడు, కథకుడి మాట, పాత్ర మాట కలిసిపోతాయి. ఆయన గ్లాస్గో యాసలో రాసిన నవలకు 1994లో బుకర్ బహుమతి వస్తే జడ్జీల్లో ఒకరే అది సిగ్గుచేటని బయటికి అన్నారు. యాస అంత చిన్న విషయమైతే అంత గొడవ ఎందుకండీ?

కాఫీకప్పు: పేపర్‌కి గడువు ఎంతుందో అడగరేం? రెండు వారాలే అయితే నోట్సే దిక్కు.

గ్లాస్గోవాన: పాతపుస్తకం గారూ, గుమ్మం సంగతి బాగుంది. కానీ యాస ఉంటేనే స్కాటిష్ అన్నట్టుంది మీ ధోరణి, అది ఒప్పుకోను. ఇయాన్ క్రైటన్ స్మిత్ పెరిగింది స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో, ఇంటి భాష గేలిక్, అంటే స్కాట్స్ కాదు, ఇంగ్లీషూ కాదు, వేరే భాష. ఆయన కథ ‘ది టెలిగ్రామ్’ చూడండి. యుద్ధకాలం. ఇద్దరు ఆడవాళ్లు, ఒకావిడ లావు, ఒకావిడ సన్నం, కిటికీలోంచి చూస్తుంటారు. ఇద్దరి కొడుకులూ యుద్ధంలోనే. నల్ల బట్టల్లో చర్చి పెద్దమనిషి ఒకాయన, ఎవరి కొడుకో పోయాడన్న టెలిగ్రామ్ పట్టుకుని వస్తున్నాడు. ఎవరింటికి? రెండిళ్లూ దాటిపోతాడు. ఆ టెలిగ్రామ్ ఆయన సొంత కొడుకు గురించే.

వాళ్లు మాట్లాడుకునేది గేలిక్‌లోనే అయ్యుండాలి, కథేమో శుభ్రమైన ఇంగ్లీషులో ఉంది. ఇప్పుడు ఇది స్కాటిష్ కాదంటారా?

పాతపుస్తకం: అనను. అక్కడ మీరు గెలిచారు. (ముగింపు చెప్పేశారు, అదొక్కటే బాధ!)

మిరియం: కెల్మన్ పేరొచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన ‘యాసిడ్’ ఒక్క పేరా కథ. ఫ్యాక్టరీలో ఒక కుర్రాడు యాసిడ్ తొట్టిలో పడతాడు. అందరూ కొయ్యబారిపోతే ఒక ముసలాయన గడ పట్టుకుని పరుగెత్తి, సారీ చెప్పి, ఆ కుర్రాణ్ని లోపలికి ముంచేస్తాడు. ఆయన వాడి తండ్రి. అప్పటికి మిగిలింది తలా భుజాలే. ఇందులో యాస లేదు. ప్రమాదం మీద ఆఫీసు రిపోర్టు రాసినట్టుంటుంది, వణికించేది ఆ భాషే. కాబట్టి వేసవిగాలి గారూ, చూడాల్సింది యాస ఉందా లేదా అని కాదు, ఎవరి గొంతుతో చెబుతున్నారని. మీ ఫ్రెండ్ నోట్స్‌లో మాయమయ్యేది అదే.

వేసవిగాలి: నిన్న రాత్రి ‘స్మెడమ్’ గట్టిగా పైకి చదివాను. రూమ్మేట్ తిట్టింది. చాలా మాటలు ఇంకా తెలియవు గానీ, మెగ్ అంటే ఊరికి మంటా, ముచ్చటా అన్నది వినబడింది. చివర్లో, కూతురు పెళ్లి కాకుండా ఒకడితో ఉందని మిగతా పిల్లలు పరువంటూ గోల చేస్తే, మీ నాన్నకీ నాకూ అసలు పెళ్లే కాలేదంటుంది మెగ్. నోట్స్‌లో అక్కడ ‘తల్లి నిజం ఒప్పుకుంది’ అని ఉంది. ఒప్పుకోవడం ఏంటండీ, మొహాన కొట్టినట్టు చెప్పింది!