సముద్రం వేడెక్కడం వల్లనే కానాగంతలు దూరమవుతున్నాయా?

ప్రశ్న (విశాఖపట్నం పెదజాలారిపేట నుంచి)

మా నాన్నగారు ఫైబర్ బోటుపై వేటకు వెళ్తారు. ఒకప్పుడు తీరం కనబడుతుండగానే దొరికిన కానాగంత చేపల కోసం ఇప్పుడు చాలా దూరం పోవలసి వస్తోందని, డీజిల్ ఖర్చు కూడా రాని రోజులు ఎక్కువయ్యాయని ఆయన బాధపడుతున్నారు. దీనికి కారణం సముద్రం వేడెక్కడమా, లేక వేట మితిమీరడమా?

జవాబు (సముద్ర శాస్త్ర విద్యార్థిని)

రెండూ ఉన్నాయి. భూమిపై పేరుకుంటున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. బంగాళాఖాతంలో గంగ, గోదావరి వంటి నదుల మంచినీరు తేలికగా పైనే పరుచుకుంటుంది కనుక, అడుగున పోషకాలతో ఉన్న చల్లని నీరు పైకి రావడం ఇక్కడ సహజంగానే కష్టం. వేసవిలో నైరుతి గాలి తీరం వెంట వీచి పై నీటిని తీరం నుంచి నడిసముద్రం వైపు నెట్టినప్పుడు ఆ చల్లని నీరు పైకి ఉబుకుతుంది. ఈ సంగతిని 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ గారు పరిశీలించారు. పై నీరు మరింత వేడెక్కితే రెండు పొరల మధ్య తేడా పెరిగి, అదే గాలికి అంత నీరు లేవదు. అప్పుడు వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే కంటికి కనబడనంత చిన్న మొక్కలు) తగ్గుతాయి, వాటిపై ఆధారపడిన కవ్వళ్లకూ (సార్డిన్ చేపలకూ) కానాగంతలకూ మేత తగ్గుతుంది.

చేప తగ్గడం వేరు, చేప తావు మారడం వేరు. పై నీటిలో తిరిగే కానాగంతలు సముద్రపు అడుగున ఈడ్చే ట్రాలు వలల్లో పడే వాటా పెరిగిందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. చేప లోతుకు దిగితే, పైన వల వేసే మీ నాన్నగారికి సముద్రం ఖాళీ అయినట్టే కనిపిస్తుంది.

జవాబు (మరబోటు యజమాని)

అమ్మా, వేడి మీదే నింద వేసి మేము తప్పించుకోకూడదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధాన్ని పాటించి, ఆ వెంటనే చిన్న కన్నుల వలలతో పిల్ల చేపలను ఊడ్చేస్తే ఆ 61 రోజుల ఫలితం మిగలదు. అయితే తావు మారడం నిజమే: 1980ల వరకు ప్రధానంగా కేరళ, కర్ణాటక తీరాలదైన నూనె కవ్వళ్ల వేట తర్వాత మన తీరానికీ విస్తరించింది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూపే నీటి ఉష్ణోగ్రత, ప్లవకాల పచ్చదనం ఆధారంగా చేపలు దొరికే చోట్లను సూచిస్తుంది. ఆ సూచనలను తెలుగులో తెప్పించుకోమని నాన్నగారికి చెప్పండి. కనీసం తిరుగుడు తగ్గి డీజిల్ మిగులుతుంది.