ముత్తాతగారి సైనిక ఖడ్గానికి విలువ కట్టించడం ఎలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా ముత్తాతగారు నిజాం ప్రభుత్వపు అశ్వికదళమైన హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాలస్తీనా వెళ్లివచ్చారని మా పెద్దలు చెబుతారు. ఆయనదని చెప్పే ఖడ్గం మా ఇంట్లో ఉంది. అలుగు (కోసే భాగం) నిటారుగా, ముప్పై రెండున్నర అంగుళాల పొడవుంది. చేతికి రక్షణగా ఉన్న ఉక్కు గిన్నెకు లతల ఆకారంలో చిల్లుల నగిషీ, దాని నడుమ కిరీటం కింద జి.వి.ఆర్. అక్షరాలు ఉన్నాయి. పిడికి దగ్గర అలుగు మీద ఒకవైపు ఖడ్గాలు తయారుచేసిన బ్రిటిష్ సంస్థ విల్కిన్సన్ పేరు, రెండోవైపు ఆరు కోణాల నక్షత్రం మధ్య చిన్న ఇత్తడి బిళ్ల కనిపిస్తున్నాయి. తోలు ఒర కుట్లు ఊడిపోయాయి. తుప్పు గీకించి మెరుగు పెట్టిస్తే మంచి ధర వస్తుందని ఒక పాతసామాన్ల వ్యాపారి అన్నారు. అమ్మే ఆలోచన లేదు కానీ, అన్నదమ్ముల పంపకాల కోసం విలువ తెలియాలి.

మొదటి జవాబు

అయ్యా, దయచేసి మెరుగు మాత్రం పెట్టించకండి. అలుగు మీద ఆమ్లంతో చెక్కిన నగిషీ చాలా పలచన. ఒక్కసారి సాన పట్టిస్తే అది చెరిగిపోతుంది, దానితోపాటు విలువలో పెద్ద భాగం పోతుంది. మెత్తటి బట్టతో పలచగా యంత్రాల నూనె రాసి, ఒరలోంచి తీసి విడిగా భద్రపరచండి, ఎందుకంటే తోలు తేమను పట్టి ఉంచి ఇనుమును తినేస్తుంది.

మీరు చెప్పిన లక్షణాలన్నీ 1897 నమూనా పదాతిదళ అధికారి ఖడ్గానివి. అశ్వికదళ అధికారుల 1912 నమూనాకు గిన్నె పెద్దది, అలుగు సుమారు 35 అంగుళాలు. అంటే మీ ఇంటి కథకూ ఈ ఖడ్గానికీ నేరుగా పొంతన కుదరడం లేదు. కథ అబద్ధమని నా ఉద్దేశం కాదు. ఎవరైనా అధికారి బహూకరించి ఉండవచ్చు. కానీ కొనేవారు రుజువున్న చరిత్రకే డబ్బిస్తారు. ఆ అక్షరాలు అయిదో జార్జి రాజువి కాబట్టి కాలం 1910కీ 1936కీ నడుమ. అలుగు వెన్ను మీద, పిడికి ఆనుకొని, సంఖ్య ఏదైనా ఉందేమో భూతద్దంతో చూడండి.

ప్రశ్న అడిగినవారు

చూశాను. అయిదంకెల సంఖ్య స్పష్టంగా ఉంది.

మొదటి జవాబు రాసినవారు

అయితే మీ పని చాలావరకు తేలికైంది. విల్కిన్సన్ సంస్థ 1854 నుంచి తన ఖడ్గాలకు సంఖ్యలు వేసి, పరీక్షించిన తేదీని, చాలా సందర్భాల్లో కొన్నవారి పేరును కూడా పుస్తకాల్లో నమోదు చేసింది. వాటిని వెతికి వివరాలు ఇచ్చే పరిశోధకులు బ్రిటన్‌లో ఉన్నారు. కొన్నవారి పేరు దొరికి, ఆ అధికారి మీ ముత్తాతగారి దళంతో కలిసి పనిచేసినట్టు తేలితే, అదే నమూనాకు చెందిన అనామక ఖడ్గం కన్నా మీదానికి ఎంతో ఎక్కువ పలుకుతుంది. ముత్తాతగారి పింఛను కాగితాలు, పతకాలు, యూనిఫారంలో తీసిన ఫొటోలు ఉంటే ఖడ్గంతో కలిపి ఉంచండి. పంపకాల్లో వాటిని విడదీయకండి.

రెండో జవాబు

తయారైన సంవత్సరం చట్టం దృష్ట్యా కూడా ముఖ్యం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన ఇలాంటి వస్తువు పురావస్తువు అవుతుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం, పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. కాబట్టి లండన్ వేలంలో పలికిన ధరను రూపాయల్లోకి మార్చి ఇక్కడి విలువగా వేసుకోవడం సరికాదు, నూరేళ్లు నిండితే మీ ఖడ్గం ఆ మార్కెట్‌కు చేరే వీలుండదు కదా. 1959 నాటి ఆయుధాల చట్టం కింద కొన్ని ప్రాంతాల్లో పదునైన ఆయుధాలకూ లైసెన్సు అడుగుతారు కనుక, మీ ప్రాంతంలో అలాంటి నోటిఫికేషన్ ఉందేమో న్యాయవాదిని అడగండి.

విలువ కట్టించేటప్పుడు పంపకాల కోసమని ముందే చెప్పి, లిఖితపూర్వకంగా తీసుకోండి. బీమాకు రాసే విలువ, అంటే అలాంటిదే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు, అమ్మితే చేతికొచ్చే మొత్తం కన్నా సాధారణంగా ఎక్కువ ఉంటుంది. విలువ కట్టేవారే కొనుగోలుదారు కాకుండా చూసుకోండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలను కాకుండా, దేశంలోని వేలాల్లో నిజంగా అమ్ముడైన ధరలనే ఆధారంగా చూపమనండి.