అర్కాన్సాసా, ఆర్కన్సానా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పిల్లల కోసం అమెరికా రాష్ట్రాల మీద తెలుగులో చిన్న చిన్న వ్యాసాలు రాస్తున్నాను. లిటిల్ రాక్ రాజధానిగా ఉన్న రాష్ట్రం దగ్గర బండి ఆగింది. నా దగ్గరున్న పటంలో ‘అర్కాన్సాస్’ అని ఉంది. ఆ రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్‌లో పనిచేసే మా మరిది మాత్రం ‘ఆర్కన్సా’ అంటాడు. ఏది రాయమంటారు? ఇంకొకటి, సముద్రం లేని రాష్ట్రాన్ని ‘భూపరివేష్టిత’ అనక తప్పదా?

జవాబు: మీ మరిదిగారి మాటే రైటండీ. తన పేరు ఎలా పలకాలో శాసనసభలో తీర్మానం చేసుకున్న రాష్ట్రం అది. 1881 నాటి ఆ తీర్మానం ప్రకారం పేరును మూడు భాగాలుగా పలకాలి, చివరి ‘ఎస్’ వినిపించకూడదు, ‘ఎ’ వచ్చిన ప్రతిచోటా ఇటాలియన్ వాళ్ల ‘ఆ’ పలకాలి, ఒత్తు, అంటే నొక్కి పలకడం, మొదటి భాగం మీదా చివరి భాగం మీదా పడాలి. రెండో భాగాన్ని నొక్కి చివర ‘ఎస్’ పలకడం ఈమధ్య వచ్చిన పోకడ అనీ, దాన్ని ప్రోత్సహించరాదనీ కూడా అందులోనే రాశారు. ఆ రాష్ట్రం సెనేటర్లు ఇద్దరూ ఒకే పేరును చెరో రకంగా పలికేవారట, తగువు అక్కడ మొదలైందంటారు.

ఇంగ్లీషుకి ఈ ఇబ్బంది లేదు. ఒకే స్పెల్లింగు రాసి, ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకోవచ్చు. మనం ‘స్’ రాశామంటే పలికినట్టే, కాబట్టి రాసేటప్పుడే తేల్చుకోవాలి. వాళ్ల ఒత్తు మనకు లేదు గానీ దీర్ఘం ఉంది. మొదట దీర్ఘం, మధ్యలో హ్రస్వం, చివర దీర్ఘం: ఆర్కన్సా. తీర్మానం అడిగినదానికి ఇది బాగానే దగ్గర.

ఆ ‘ఎస్’ ఫ్రెంచివాళ్లు పెట్టింది. 1673లో మార్కెట్, జోలియె అనే ఫ్రెంచివాళ్లు మిసిసిపీ వెంట పడవల్లో దిగి క్వాపా జాతివాళ్ల ఊళ్లకు చేరారు. క్వాపాలను ఇలినాయ్ తెగవాళ్లు పిలిచే పేరే ఫ్రెంచివాళ్ల చెవిన పడింది. దానికి బహువచనంగా ‘ఎస్’ తగిలించారు, వాళ్ల అలవాటు ప్రకారం పలకలేదు. ‘ఇల్లినాయిస్’ అని మనం రాసేదాంట్లో ‘స్’ కథా ఇంతే. ఆర్కన్సా నైరుతి కొండల పేరు కూడా అక్షరాలు చూసి ‘ఔచిటా’ అని రాసేరు, వాళ్లు వాషిటా అంటారు. ఆ వరసలు తూర్పు పడమరలుగా సాగుతాయి, అమెరికాలో ఇది అరుదు. ఉత్తరాన ఓజార్క్ కొండలు, రెంటికీ మధ్య ఆర్కన్సా నది లోయ. రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయిన మ్యాగజైన్ కొండ, 2,753 అడుగులది, ఆ లోయలోనే ఉంది.

‘భూపరివేష్టిత’ పిల్లలకెందుకండీ, ‘సముద్రతీరం లేని’ అంటే చాలు. చుట్టూ ఆరు రాష్ట్రాలు: మిజోరీ, టెనెసీ, మిసిసిపీ, లూయిసియానా, టెక్సస్, ఓక్లహోమా. తీరం లేకపోయినా సముద్రానికి దారి లేదనుకోకండి. 1971లో ఆర్కన్సా నది మీద లాకులతో జలమార్గం పూర్తయింది. లిటిల్ రాక్‌లో సరుకెక్కిన బార్జీలు మిసిసిపీలో కలిసి మెక్సికో సింధుశాఖ దాకా పోతాయి. మిగతావి రెండు ముక్కల్లో: 1836 జూన్ 15న 25వ రాష్ట్రమైంది, 75 కౌంటీలు, 2020 లెక్కల్లో జనాభా 30 లక్షల పైచిలుకు. తూర్పున మిసిసిపీ మైదానంలో వరి వేస్తారు. అమెరికాలో పండే వడ్లలో సుమారు సగం ఈ ఒక్క రాష్ట్రానివే. మన గోదావరి జిల్లాల పిల్లలకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

మరొకరు: అందరికీ అలవాటైన పేరును కదపడం దేనికి? పారిస్‌ని ‘పారీ’ అంటున్నామా?

జవాబు: పారిస్ మనకు ఇంగ్లీషు మీదుగా వచ్చింది, ఇంగ్లీషువాళ్లు ఆ ‘స్’ పలుకుతారు. ఇక్కడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే పలకడం లేదు. అయితే మీ వైపూ ఒక సాక్షి ఉంది. ఇదే నది ఎగువన కాన్సస్ రాష్ట్రంలో పారేచోట చాలామంది ‘అర్కాన్జస్’ అంటారు, అక్కడ ఆ పేరుతో ఒక ఊరు కూడా ఉంది. ఆ ఊరి గురించి రాస్తే ‘స్’ ఉంచండి.

ఇంకొకరు: మాది అనంతపురం. మర్ఫ్రీస్‌బరో దగ్గరి వజ్రాల పార్కు గురించి రాయలేదేం? టికెట్టు కొని మట్టి వెతుక్కోవచ్చు, దొరికినది దొరికినవాళ్లదే. 1924లో అక్కడ 40.23 క్యారెట్ల వజ్రం బయటపడింది, అమెరికాలో దొరికినవాటిలో అదే పెద్దది. వాన పడి మట్టి కొట్టుకుపోతే రాయి తళుక్కుమంటుందని అక్కడా వాన కోసం చూస్తారు. మా వజ్రకరూరులో తొలకరికి చేలల్లో జనం వంగి నడుస్తుంటారే, అచ్చం అదే. మావాళ్లకు టికెట్టు లేదు, అంతే తేడా.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ, ఆర్కన్సానే రాస్తాను. మరి ఆ రాష్ట్రం మనిషిని ఏమనాలి?

జవాబు: ఇబ్బంది పెట్టారు! వాళ్లు ‘ఆర్కాన్జన్’ అంటారు. పేరులో ఏ భాగాన్ని నొక్కవద్దన్నారో ఇందులో దాన్నే నొక్కుతారు, నోరు మూయించిన ‘ఎస్’ ‘జ’ అయి పలుకుతుంది. 1881 తీర్మానం దీని జోలికి పోలేదు. మీరు ‘ఆర్కన్సావాళ్లు’ అని రాసేయండి.