ఓరల్ మాత్రమే, లోపలికి చేయలేదు... హెచ్‌ఐవీ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు

అమీర్‌పేట్_హాస్టల్_204:

అందరికీ నమస్తే. కొత్త ఐడీ చేసుకుని రాస్తున్నా, పాత ఐడీతో అడిగే ధైర్యం లేదు. వయసు 26, ఈమధ్యే జాబ్‌లో చేరా. 19 రోజుల క్రితం యాప్‌లో పరిచయమైన అమ్మాయిని మాదాపూర్‌లో ఫ్రెండ్ రూమ్ ఖాళీగా ఉంటే అక్కడ కలిశా. కండోమ్ లేదు కాబట్టి లోపలికి వద్దని ఇద్దరం ముందే అనుకున్నాం. తను నాకు ఓరల్ చేసింది, నేను తనకి చేశా, తర్వాత బట్టల్లేకుండా రుద్దుకున్నాం, అంతే. తనకి ఏమైనా ఉందా అని అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే బ్లాక్ చేసింది (ఎందుకో తెలీదు, అదో బాధ). నాకు బ్రష్ చేసేటప్పుడు అప్పుడప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. మొన్నటి నుంచి గొంతు నొప్పి, జ్వరం, నాలుక తెల్లగా ఉంది, రోజుకి ముప్పైసార్లు ఫోన్ టార్చి వేసుకుని అద్దంలో చూస్కుంటున్నా. 12వ రోజు ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో రాపిడ్ హెచ్‌ఐవీ టెస్ట్ చేయిస్తే నెగటివ్ వచ్చింది కానీ అక్కడి కుర్రాడు అందరూ వినేలా "ఆరు నెలల తర్వాత మళ్లీ రావాలి" అన్నాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఎంత శాతం రిస్కో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బోరబండ_బాలు:

అన్నా, ముందుగాల ఆ టార్చి బంద్ చెయ్యి. గొంతు నొప్పి, జరం ఈ వానల్ల మా బస్తీల సగం మందికి ఉన్నయ్, వాళ్లందరూ మాదాపూర్ పోయిన్రా? ఫస్ట్ పోయి డెంగీ చూపిచ్చుకో. ముద్దులతోని, ఉమ్మితోని రాదని నాకు తెలుసు గానీ ఓరల్ సంగతి పక్కాగ తెల్వది, తెలిసినోళ్లు చెప్తరు ఆగు.

మాజీ_కౌన్సిలరక్క:

తమ్ముడూ, నేను కొన్నేళ్లు ఐసీటీసీలో, అంటే గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఉండే హెచ్‌ఐవీ టెస్టింగ్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా చేశాను. నీలాంటి వాళ్లందరూ వచ్చి కూర్చోగానే శాతమే అడుగుతారు. శాతం పక్కన పెట్టి ఏ ద్రవం ఎక్కడికి వెళ్లింది అని చూడు. వైరస్ ఉండేది రక్తంలో, వీర్యంలో, వీర్యానికి ముందు వచ్చే జిగురులో, యోని ద్రవంలో, మలద్వారం లోపలి ద్రవంలో, తల్లిపాలలో. అది మెత్తటి లోపలి పొరకో, పచ్చి గాయానికో తగలాలి. ఉమ్మి, చెమట, కన్నీళ్లతో అంటదు.

తను నీకు ఓరల్ చేసినప్పుడు నీకు తగిలింది ఉమ్మి, కాబట్టి దాన్ని మర్చిపో. నువ్వు తనకి చేసినదాంట్లో రిస్క్ సున్నా అని రాసివ్వలేం గానీ చాలా చాలా తక్కువ. నోట్లో పెద్ద పుండు ఉన్నా, చిగుళ్లు కారుతున్నా, తను నెలసరిలో ఉన్నా కొంచెం పెరుగుతుంది. (అందుకే ఓరల్‌కి ముందు శుభ్రంగా ఉండాలని గట్టిగా బ్రష్ చేసుకుని వెళ్లకండి, నీళ్లతో పుక్కిలిస్తే చాలు. ఈ మాట ఎంతమందికి చెప్పానో.) మగవాళ్లకి ఓరల్ చేసేవాళ్లయితే వీర్యం నోట్లోకి రాకుండా చూసుకోవాలి, కండోమ్ ఉంటే ఆ గొడవే ఉండదు. ఇక బయట బయట రుద్దుకోవడం, చేత్తో చేయడం, వీటితో హెచ్‌ఐవీ రాదు, గాయం లేని తోలులోంచి వైరస్ దూరదు.

జ్వరాన్ని బట్టి ఏమీ చెప్పలేం. హెచ్‌ఐవీ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం వస్తుంది నిజమే, కానీ అది మామూలు వైరల్ ఫీవర్ లాగే ఉంటుంది, టెస్ట్ తప్ప వేరే దారి లేదు. 12వ రోజు రాపిడ్ చేయించడం తొందరపాటు, అలాగే ఆరు నెలలనేది పాతకాలం మాట. ల్యాబ్‌లో రక్తం తీసి చేసే ఫోర్త్ జనరేషన్ టెస్ట్ 45 రోజులకి నెగటివ్ వస్తే నమ్మొచ్చు, రాపిడ్ అయితే 90 రోజులు ఆగాలి.

ఒక్కటి అడుగుతా, ఏమనుకోకు. నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది మొదట "బయటే మేడమ్" అనేవాళ్లు, మంచినీళ్లు తాగాక "ఒక్కసారి కొంచెం..." అనేవాళ్లు. నీది నిజంగా బయటేనా?

కేపీహెచ్‌బీ_ఫోర్త్‌ఫేజ్:

అక్క చెప్పింది కరెక్టే, కానీ అందరూ హెచ్‌ఐవీ దగ్గరే ఆగిపోతున్నారు, నేను కూడా అలాగే ఆగిపోయి బుక్కయ్యా. నాదీ ఓరలే. హెచ్‌ఐవీ టెస్ట్ నెగటివ్ రాగానే ఫ్రెండ్స్‌కి బిర్యానీ కూడా పెట్టించా, కొన్నాళ్లకి అరచేతుల్లో ఎర్ర మచ్చలు, ఎలర్జీ అనుకుని ఏవో క్రీములు రాశా, చివరికి స్కిన్ డాక్టర్ వీడీఆర్ఎల్ అనే రక్త పరీక్ష రాస్తే సిఫిలిస్ అనే సుఖవ్యాధి అని తేలింది. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తగ్గింది, కానీ ఆ సూది నొప్పి జన్మలో మర్చిపోను. సిఫిలిస్, సెగ (గనేరియా), హెర్పిస్, ఇవన్నీ ఓరల్‌తో హెచ్‌ఐవీ కంటే చాలా ఈజీగా వస్తాయి, సిఫిలిస్, హెర్పిస్ అయితే పుండు తగిలితే చాలు, లోపలికి వెళ్లక్కర్లేదు. నీ గొంతు నొప్పి తగ్గకపోతే ఓరల్ చేశానని డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పు, సెగ గొంతులో కూడా ఉంటుంది.

అమీర్‌పేట్_హాస్టల్_204:

అక్కా, మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా. రుద్దుకునేటప్పుడు ఒకసారి కొంచెం లోపలికి వెళ్లింది, రెండు మూడు సెకన్లు, వెంటనే తీసేశా. అది లెక్కలోకి రాదనుకున్నా. ఇప్పుడు పని అయిపోయినట్టేనా?

మాజీ_కౌన్సిలరక్క:

ఏం అయిపోలేదు. చెప్పావు, మంచిదైంది. అది లెక్కలోకి వస్తుంది, కానీ లెక్క ఎంతో చూడు: అవతలి అమ్మాయికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకుండా ఉంటే, కండోమ్ లేకుండా పూర్తిగా కలిసినా మగవాడికి ఒక్కసారికి సోకే అవకాశం పదివేలకి నాలుగు అంటారు. నీది రెండు సెకన్లు, పైగా తనకి ఉందని కూడా తెలీదు. ఉండి సరిగ్గా మందులు వాడుతూ వైరస్ టెస్టులో కనపడనంత తగ్గిపోతే సెక్స్ ద్వారా అసలు సోకదు.

72 గంటల్లోపు అయితే హెచ్‌ఐవీ సోకకుండా ఆపడానికి ఇచ్చే పెప్ మందుల గురించి డాక్టర్‌ని అడగమనేదాన్ని, 28 రోజుల కోర్సు అది, ఆ టైమ్ దాటిపోయింది. కాబట్టి ఇంకో 26 రోజులు ఆగి ఫోర్త్ జనరేషన్ చేయించు, వీడీఆర్ఎల్ కూడా కలిపి. అప్పటిదాకా ఎవరితో ఉన్నా కండోమ్ వాడు, రక్తదానం చేయకు. గాంధీలో గానీ ఉస్మానియాలో గానీ ఐసీటీసీకి వెళ్తే టెస్ట్ ఫ్రీ, సుఖవ్యాధులకి సురక్ష క్లినిక్ అని అడుగు. ఊరికే మాట్లాడాలన్నా 1097కి ఫోన్ చెయ్యి, అదీ ఫ్రీనే.

అమీర్‌పేట్_హాస్టల్_204:

ఇంట్లో వాళ్లకి తెలుస్తుందా అక్కా? మా బాబాయ్ గాంధీలోనే పని చేస్తాడు.

మాజీ_కౌన్సిలరక్క:

2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీ అనుమతి లేకుండా టెస్ట్ చేయకూడదు, నీ రిజల్ట్ ఇంకొకరికి చెప్పకూడదు. కానీ కారిడార్‌లో బాబాయ్ ఎదురొస్తే చట్టం ఏం చేస్తుంది, నువ్వు ఉస్మానియాకి వెళ్లు.

బోరబండ_బాలు:

అన్నా, జరం తగ్గిందా లేదా చెప్పు ఫస్ట్.

అమీర్‌పేట్_హాస్టల్_204:

99 ఉంది భయ్యా. రేపు పొద్దున్నే డెంగీ టెస్ట్‌కి వెళ్తున్నా. టార్చి ఇవాళ నాలుగుసార్లే.